చదువు కట్టిన శివార్లు, చదువులో లేని శివార్లు

యునెస్కో 2022లో వరంగల్‌ను తన ‘లెర్నింగ్ సిటీ’ల జాబితాలో చేర్చుకుంది. ఆ ఏడాది మన దేశం నుంచి ఆ గుర్తింపు దక్కింది మూడింటికే. కేరళలోని త్రిస్సూర్, నిలంబూర్‌లతో పాటు మన ఓరుగల్లుకు. బిరుదు బాగానే ఉంది. అయితే ఈ నగరంలో పొద్దస్తమానం నేర్చుకోవడమే పనిగా ఉన్నవాళ్లెవరంటే పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు. వాళ్లలో చాలామంది ఉండేది కోట చుట్టుపక్కలా కాదు, హన్మకొండ చౌరస్తాలోనూ కాదు. భీమారం, హసన్‌పర్తి, మడికొండ, రాంపూర్, పైడిపల్లి, మామునూరు వంటి చోట్ల, ఊరు సగం పోయి నగరం సగమే వచ్చిన జాగల్లో ఉంటారు. మీరుండే చోటు ఎట్లుందని అడిగి చూడండి. ‘ఇక్కడేముంది?’ అన్న ఎదురు ప్రశ్నే వస్తుంది.

పెద్దలకు ఆ మాట చిరాకు తెప్పిస్తుంది. ఇల్లు కట్టించాం, చదువుకోడానికి గదిచ్చాం, స్కూలు బస్సు గేటు ముందుకే వస్తోంది, ఇంకేం కావాలి అంటారు. చేతికి ఫోన్ వచ్చాక వీళ్లకు ఏదీ ఆనడం లేదని తీర్పు కూడా చెప్పేస్తారు. నాకు మాత్రం పిల్లల మాటలో గారాబం కన్నా పరిశీలనే ఎక్కువ కనిపిస్తుంది. అక్కడ ఏముందో, ఏం లేదో, ఎందుకు లేదో వాళ్లకు రోజూ కళ్లముందే ఉంది. దాన్ని సరైన ప్రశ్నగా అడగడం నేర్పాల్సిన బడి ఆ వైపు చూడటం లేదు.

విచిత్రం ఏమిటంటే, వరంగల్‌లో శివారును కట్టింది బడే. ఇతర నగరాల్లో ఫ్యాక్టరీ చుట్టూనో ఆఫీసుల వెంటనో శివార్లు పెరిగాయి. మనకూ ఒకప్పుడు మిల్లు ఉండేది. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు చుట్టూ వరంగల్ తూర్పు వైపు జీవితం అల్లుకుంది. 2002లో అది మూతపడింది. మిల్లు పోయినా ‘మిల్స్ కాలనీ’ అన్న పేరు పోలీస్ స్టేషన్ బోర్డు మీద మిగిలింది. ఇటు పడమర దిక్కున కథ వేరు. 1959 అక్టోబరు 10న నెహ్రూ వచ్చి రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి శంకుస్థాపన చేశారు. దేశంలో ఆ వరుస కాలేజీల్లో అదే మొదటిది, ఇప్పటి నిట్. అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. వాటి నీడన ప్రైవేటు స్కూళ్లు, జూనియర్ కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు బారులు తీరాయి.

ఇక జనం రాక మొదలైంది. నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ దిక్కునుంచి పిల్లల చదువుల కోసం హన్మకొండలో కాపురం పెట్టడం రెండు తరాలుగా నడుస్తున్న పద్ధతి. నాన్న ఊళ్లోనే ఉండి పత్తి, మిర్చి చూసుకుంటాడు. అమ్మ ఇద్దరు పిల్లల్ని పట్టుకుని నయీంనగర్‌లోనో గోపాలపూర్‌లోనో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటుంది. పెద్దోడు ఇంటర్‌కొచ్చేసరికి అద్దె దండగ అనిపించి, ఊళ్లో అరెకరం అమ్మి ఇక్కడ నూటయాభై గజాల ప్లాటు కొంటారు. వెంచర్ బ్రోచర్‌లో ఫలానా కాలేజీకి ఎంత దూరం అన్న ముక్క లేకుండా ప్లాటు అమ్ముడుపోదు. ఇంత ఖర్చు పెట్టి, ఇంత విడిపోయి బతికిన కుటుంబాల్ని ఎగతాళి చేయడానికి నాకు మనసొప్పదు. వాళ్లు చదువును నమ్మారు, ఆ నమ్మకానికి తగ్గట్టే ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో పెరిగే పిల్లకు మాత్రం చిన్నప్పుడే అర్థమైపోతుంది, తానిక్కడున్నది ఇక్కడినుంచి పోవడానికేనని. కాజీపేట జంక్షన్లో వెయిటింగ్ హాలు ఎంత శుభ్రంగా ఉన్నా ఎవరూ దాన్ని ప్రేమించరు. ‘ఇక్కడేముంది’ అన్న మాటకు అర్థం అదే.

ఇప్పుడు ఈ పిల్లల చేతిలో ఉన్న సాంఘిక శాస్త్రం పుస్తకాలు తెరవండి. ఆరో తరగతిలో డోకూరు ఉంది, మహబూబ్‌నగర్ పీఠభూమిలోని పల్లె. పెనుగోలు ఉంది, వాజేడు దగ్గర కొండల మీది కోయగూడెం. గ్రామ పంచాయతీ మీద ఒక పాఠం, పట్టణ స్థానిక సంస్థల మీద ఇంకో పాఠం. పదో తరగతికొస్తే నివాస ప్రాంతాల మీద, వలసల మీద పాఠాలున్నాయి. అవన్నీ శ్రద్ధగా రాసినవే. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడి బయటి జీవితంతో జ్ఞానాన్ని కలపాలని మొదటి సూత్రంగా చెప్పింది. ఈ పుస్తకాలు రాసినవారికి ఆ సంగతి గుర్తుంది. పుస్తకంలో పల్లె ఉంది, నగరం ఉంది. నిన్న పల్లెగా ఉండి ఇవ్వాళ నగరం లెక్కలోకి వచ్చిన చోటు మాత్రం లేదు.

పదో తరగతిలోని ‘రాంపూర్: గ్రామ ఆర్థిక వ్యవస్థ’ పాఠాన్నే తీసుకోండి. ఆ రాంపూర్ పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఉంది. సాగుభూమి విస్తీర్ణం పెరగదు కాబట్టి అదే నేలలో ఎక్కువ పంటలు ఎలా తీస్తారు, కూలీలు ఎవరు, పెట్టుబడి ఎక్కడిది అని పాఠం వివరిస్తుంది. మనకూ ఒక రాంపూర్ ఉంది. కాజీపేట దాటి హైదరాబాద్ రోడ్డు మీద, ఔటర్ రింగు రోడ్డు మొదలయ్యే చోట. ఈ రాంపూర్‌లోనూ భూమి పెరగలేదు, కొలత మారింది. ఎకరాల్లో ఉన్నది గుంటలై, గుంటలు గజాలయ్యాయి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు అన్న లెక్క ఈ చుట్టుపక్కల ఏడో తరగతి పిల్లాడికి నోటికొచ్చు. బళ్లో ఎవరూ చెప్పలేదు, ఇంట్లో రాత్రిపూట నాన్నా బాబాయీ మాట్లాడుకుంటుంటే విని పట్టుకున్నాడు. అదే పిల్లాడు పరీక్షలో ఉత్తరప్రదేశ్ రాంపూర్ గురించి నాలుగు మార్కుల జవాబు రాస్తాడు. రెండు రాంపూర్లను పక్కపక్కన పెట్టి ఒక్క పీరియడ్ మాట్లాడితే ఆర్థిక శాస్త్రం ఎంత వస్తుందో ఏ సోషల్ టీచర్‌కైనా తెలుసు. ఆ పీరియడ్ దొరికితే కదా, ఫిబ్రవరి నుంచి అంతా రివిజనే!

మామునూరు దగ్గర ఇంకో ముచ్చట. నివాస ప్రాంతాల పాఠంలో ‘ఏరోట్రోపొలిస్’ అనే మాట వస్తుంది, విమానాశ్రయం చుట్టూ పెరిగే నగరమని. ఉదాహరణలు బ్యాంకాక్, దుబాయ్, మనవైపు శంషాబాద్. మామునూరులో 1930లో నిజాం కాలంలో కట్టిన ఎయిర్‌స్ట్రిప్ 1981 దాకా పనిచేసింది. తర్వాత గడ్డి మొలిచింది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందపు షరతు చాలాకాలం అడ్డుపడింది. నిర్వహణ సంస్థ అభ్యంతరం లేదన్నాక 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది. రన్‌వే విస్తరణకు మరో 253 ఎకరాలు కావాలన్నారు. గాడెపల్లి, గుంటూరుపల్లి, నక్కలపల్లి ఇళ్లలో ఆ ఎకరాల ముచ్చటే నడిచింది. పాఠంలోని మాట గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. దుబాయ్ బదులు మామునూరు అని రాస్తే మార్కు పడుతుందా అన్న సందేహం పిల్లలకు రావడంలో తప్పేముంది?

నిజానికి ఇలాంటి పనికి పుస్తకంలోనే దారి పెట్టారు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పని ఒక భాగం. పిల్లలు బయటికెళ్లి చూసి, అడిగి, రాయాలని దాని ఉద్దేశం. ఆ ప్రాజెక్టులు ఎలా తయారవుతున్నాయో స్కూళ్ల పక్కనుండే జిరాక్స్ షాపు యజమానిని అడిగితే చెబుతాడు. కవరు పేజీకింత, బొమ్మలకింత. ఈ మూల్యాంకనానికిచ్చే అంతర్గత మార్కులు ఇరవై. వాటిని పదో తరగతి నుంచి తీసేస్తున్నామని 2024 నవంబరు చివర్లో ప్రభుత్వం ప్రకటించి, ఒక రోజులోనే ఆ నిర్ణయాన్ని మరుసటి ఏడాదికి వాయిదా వేసింది. చర్చంతా ఇరవై ఉండాలా పోవాలా అన్నదాని మీదే జరిగింది. ఆ ఇరవైతో పిల్లలు ఏం చూసొస్తున్నారన్న మాట ఎక్కడా వినిపించలేదు.

పది దాటి ఇంటర్‌లో చేరితే శివారు అసలు కనిపించదు. పొద్దున చీకటితో బస్సెక్కి రాత్రి స్టడీ అవర్స్ అయ్యాక దిగే పిల్లకు తన కాలనీ పగలు ఎలా ఉంటుందో ఆదివారమే తెలుస్తుంది, అదీ వీకెండ్ టెస్ట్ లేకపోతే. ఎంసెట్‌లో ఇంటర్ మార్కుల వెయిటేజీని 2023 నుంచి తీసేశారు. ఇక ఇంటర్ పాఠానికి ఉన్న ఆ కాస్త విలువ కూడా ర్యాంకు కిందే నలిగింది.

‘ఏముంది’ అన్న ప్రశ్నకు తిరిగొద్దాం. 1970ల్లో ఇదే యునెస్కో ఇలాంటి ప్రశ్ననే నాలుగు దేశాల పిల్లల్ని అడిగించింది. ఎంఐటీలో నగర ప్రణాళిక బోధించిన కెవిన్ లించ్ దానికి నాయకత్వం వహించాడు. అర్జెంటీనా, ఆస్ట్రేలియా, మెక్సికో, పోలండ్‌లలో పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చేత వాళ్లుండే చోటు పటాలు గీయించారు, ఎక్కడ తిరుగుతారో, ఎక్కడికి వెళ్లనివ్వరో అడిగారు. 1977లో పుస్తకం వచ్చింది. తేలిందేమిటో తెలుసా? మెల్‌బోర్న్ శివారులో పిల్లలకు జాగా ఉంది, పార్కులున్నాయి, విసుగు కూడా అందరికన్నా ఎక్కువ ఉంది. అర్జెంటీనాలోని సాల్టా నగరపు అంచున పేద కాలనీ పిల్లలు తమ వీధిని తమదని గర్వంగా చెప్పుకున్నారు. అక్కడ ఇరుగుపొరుగు ఉన్నారు, పెద్దలు కలిసి ఆ చోటును బాగుచేసుకుంటున్నారు, ఆ పనిలో పిల్లలకూ చోటుంది. 1990ల్లో అదే అధ్యయనాన్ని మళ్లీ చేసినప్పుడు బెంగళూరులోని ఒక బస్తీని కూడా చేర్చారు. అక్కడా పిల్లలు తమ వీధి మీద ఇష్టాన్నే చెప్పారు. ఈ లెక్కన విసుగు వసతుల కొరత వల్లనే పుట్టదు. ఆ చోటు ఎలా తయారవుతోందో తనకు తెలియకపోతే, అందులో తనకు పాత్ర లేకపోతే పుడుతుంది.

మన శివారులో వసతుల కొరత కూడా తోడైంది. వెంచర్ ప్లాట్లలో సాయంత్రం క్రికెట్ చూడండి. ప్లాటు నంబరు రాసిన హద్దురాయే వికెట్టు. ఇల్లు లేచిన ప్లాటులో బాల్ పడితే ఔట్, ఎందుకంటే ఆంటీ తిరిగివ్వదు. ఏడాదికి రెండు మూడు ఇళ్లు లేచేకొద్దీ గ్రౌండ్ జరుగుతూ పోతుంది. లేఅవుట్ వేసేవాడు పది శాతం నేల ఖాళీగా వదలాలని నిబంధన. వదలకుండా అమ్మేసిన అక్రమ లేఅవుట్లను క్రమబద్ధీకరించడానికి 2020లో ఎల్ఆర్ఎస్ వచ్చినప్పుడు, ఖాళీ స్థలం లేనందుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నారు. నాన్న రసీదు తెచ్చి బీరువాలో పెట్టుకున్నాడు. పార్కు రూపాయల్లోకి మారిందని ఆ ఇంట్లో క్రికెట్ ఆడే పిల్లాడికి ఎవరూ చెప్పలేదు. శాతాల లెక్క చేయించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ గణితం టీచర్‌కు మాత్రం ఎక్కడ దొరుకుతుంది?

ఆ క్రికెట్‌లో ఆడపిల్లలుండరు. వాళ్ల శివారు ఇంకా ఇరుకు, ఇల్లు, బస్సు, క్లాసు. ఈ మధ్య అందులో ఒక్క మార్పు వచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. దాని ఖర్చు మీద, రద్దీ మీద చాలా రాశారు. పదహారేళ్ల పిల్ల ఇంట్లో డబ్బులడగకుండా హసన్‌పర్తిలో బస్సెక్కి హన్మకొండలో దిగగలగడం గురించి తక్కువ రాశారు. దిగి ఎక్కడికి వెళ్లాలన్నది వేరే సమస్య. హన్మకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది. కాళోజీ కళాక్షేత్రం ఉంది, 2014 సెప్టెంబరు 9న శంకుస్థాపన జరిగి 2024 నవంబరు 19న తెరుచుకుంది. ఆ పదేళ్లలో ఒకటో తరగతి పిల్ల పది పాసై వెళ్లిపోయింది.

నీళ్ల సంగతి చెప్పకుండా వరంగల్ శివారు గురించి రాయడం కుదరదు. ఏడో తరగతిలో కాకతీయుల పాఠం ఉంది. చెరువులు తవ్వించారు, గొలుసుగా కట్టారు, ఒకటి నిండితే మత్తడి దూకి కింది చెరువుకు నీళ్లు చేరేవి. పిల్లలు బాగా చదువుతారు, రామప్పకు 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చాక మరింత ఉత్సాహంగా చదువుతున్నారు. 2020 ఆగస్టులో నయీంనగర్, హంటర్ రోడ్డు కాలనీలు మునిగాయి. 2023 జులై చివరి వారం మళ్లీ మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. కాకతీయుల గొలుసు అప్పుడు ఒక్కసారిగా పనిచేసింది, మధ్యలో మన ఇళ్లుండటమే తేడా. శిఖం భూమి అంటే ఏమిటి, నాలా వెడల్పు ఎంత ఉండేది, మా గల్లీ పాత పటంలో ఏ రంగులో ఉంది అన్నవి చరిత్ర పాఠానికి నేరుగా అతుక్కునే ప్రశ్నలు. వాటిని అడిగితే కొందరి ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు కూడా క్లాసులోకి వస్తాయి. టీచర్లు జంకడానికి అదొక కారణం కావచ్చు. ఆ జంకును అర్థం చేసుకోగలను.

పరిపాలన సంగతీ అంతే. 42 గ్రామాలను కార్పొరేషన్లో కలిపి పదేళ్లు దాటింది. ‘విలీన గ్రామాలు’ అన్న పేరే ఇంకా నడుస్తోంది, కలిసినట్టు ఎవరికీ అనిపించలేదు కాబట్టి. సర్పంచ్ పోయి కార్పొరేటర్ వచ్చాడు. ఉపాధి హామీ పథకం గ్రామీణ ప్రాంతాలకే వర్తిస్తుంది గనక విలీనంతో అదీ పోయింది. ఇంటి పన్ను మాత్రం నగరం లెక్కకు వచ్చింది. ఇన్ని మారినా చాలాచోట్ల బడి బోర్డు మీద ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అనే ఉంటుంది. ఆ గేటు లోపల కూర్చుని గ్రామ పంచాయతీ విధులు, మున్సిపాలిటీ విధులు రెండూ కంఠతా పట్టిన పిల్లను ‘మీదేది?’ అని అడిగితే తడుముకుంటుంది. తప్పు ఆమెది కాదు.

కొందరంటారు, పిల్లలకు ఇవన్నీ ఎందుకు, ముందు ర్యాంకు రానివ్వండి, ఆ తర్వాత వాళ్లే తెలుసుకుంటారు. ర్యాంకు వచ్చినవాళ్లు వెళ్లిపోతారు, సంతోషమే. రానివాళ్లు, రెండో మూడో ప్రయత్నంలో ఆగిపోయినవాళ్లు ఇక్కడే ఉంటారు. మడికొండలో 2020 జనవరిలో ఐటీ కంపెనీలు తలుపులు తెరిచాయి. గీసుగొండ, సంగెం మధ్య 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో కుట్టుమిషన్ల మీద కూర్చునే వాళ్లు కావాలి. అయోధ్యాపురంలో 2023 జులైలో రైల్వే వ్యాగన్ల కర్మాగారానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. ఈ మూడు చోట్ల ఏ చదువుకు ఏ పని, ఎంత జీతం, ఎన్ని గంటలు అన్నది శివారు హైస్కూల్లో ఒక్క మధ్యాహ్నం చెప్పినా చాలు. ‘ఇక్కడేముంది’ అన్న ప్రశ్నకు మంచో చెడో ఒక జవాబన్నా దొరుకుతుంది.

ఇక 2022 వసంతం. నగరం చుట్టూ 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా భూమిని ల్యాండ్ పూలింగ్ కింద తీసుకుని లేఅవుట్లు వేయాలని కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ సంకల్పించింది. రైతులు రోడ్డెక్కారు, తీర్మానాలు చేశారు, అధికారులను నిలదీశారు. మే నెలలో ప్రభుత్వం వెనక్కి తగ్గి ల్యాండ్ పూలింగ్ ఉత్తర్వును రద్దు చేసుకుంది. అవి సరిగ్గా పదో తరగతి పరీక్షల రోజులు. ప్రజాస్వామ్యం, ప్రజా ఉద్యమాలు, భూమి అన్న పాఠాలను పిల్లలు లోపలి గదిలో బట్టీ పడుతుంటే ముందు గదిలో అవే మాటల మీద పెద్దలు గొంతులు చించుకున్నారు. ఏ గదిలో ఎక్కువ నేర్చుకున్నారో వాళ్లనే అడగాలి. 1,805 చదరపు కిలోమీటర్ల ప్రాంతానికి 2041 దాకా దారి చూపే మాస్టర్ ప్లాన్ ఆ తర్వాత వచ్చింది. అది పూర్తిగా అమలయ్యే నాటికి ఈ పిల్లలకు ముప్పై ఐదేళ్లు దగ్గరపడతాయి. అందులో ఏ రంగు దేనికి గుర్తో చదవడం ఆరో తరగతి పటాల పాఠం వచ్చినవాళ్లెవరికైనా సాధ్యమే. దాన్ని ఏ హైస్కూలు గోడకూ ఎవరూ తగిలించలేదంటే ఆశ్చర్యపోను. కాస్త ఖర్చుతో అయ్యే ఫ్లెక్సీ పని అది, ర్యాంకుల ఫ్లెక్సీకన్నా చవక.

మహానగర పాలక సంస్థలో 66 డివిజన్లు. 2021లో ఎన్నికైన పాలకవర్గానికి ఐదేళ్లు నిండేది 2026లో. ల్యాండ్ పూలింగ్ గొడవ నాడు తొమ్మిదో పదో చదివిన విలీన గ్రామాల పిల్లలకు అప్పటికి ఓటు వస్తుంది. ఓటడగడానికి గల్లీలోకి వచ్చే అభ్యర్థికి వాళ్లు రెండు చోట్లు చూపించవచ్చు. ఒకటి, లేఅవుట్ కాగితంలో ఖాళీ స్థలమని ఉండి ఇప్పుడు మూడంతస్తుల ఇల్లున్న చోటు. రెండోది, వానొస్తే మోకాళ్ల లోతు నీళ్లు నిలిచే మూల.